అప్పగింతలు చెప్పి విమానం ఎక్కండి

కువైట్‌లో, జాబ్రియా అనే పేటలో నేను వంట చేసిన ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఆవిడది ఫిలిప్పీన్స్. వాళ్ళ భాషలో అక్కని ‘ఆతె’ అంటారు. మొదటిరోజు ఎవరో అమ్మాయి ఆమెను అలా పిలుస్తుంటే నాకు ‘అత్తే’ అని వినిపించింది. ఓహో, మేనకోడలు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఏడేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. ఇద్దరికీ కలిసిన భాష వంటింటి అరబ్బీ. ఆమెది నుయెవా ఎసీహా, వాళ్ళ దేశపు ధాన్యాగారమని పేరున్న ప్రాంతం. మాది కోనసీమ. వరిచేల గురించి మాట్లాడుకోవడానికి ఆ మాత్రం అరబ్బీ సరిపోయింది.

సాయంత్రం నాలుగయ్యేసరికి ఆతె ఫోన్ని పసుపు డబ్బాకి ఆనించి, నాకు సాయంగా బెండకాయలు తరిగేది. వాళ్ళ ఊళ్ళో అప్పుడు రాత్రి తొమ్మిది. ఒకరోజు ఆమె కొడుకు, ఆరేళ్ళవాడు, బడివాళ్ళు ఎక్కడికో తీసుకెళ్తున్నారు, నేనూ వెళ్ళనా అని అడిగాడు. ఈవిడ వెళ్ళు నాన్నా అంది. వాడు పక్కకి తిరిగి అమ్మమ్మని మళ్ళీ అదే అడిగాడు. ఆవిడ తలూపాకగానీ గెంతలేదు. ఆతె చేతిలో కత్తి ఆగింది. కాసేపటికి అంది: “వాడి తప్పేం లేదు. అప్పజెప్పింది నేనే. సరిగ్గా అప్పజెప్పలేదు, అంతే.”

ఆ ‘సరిగ్గా’ ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పెళ్ళిలో మనం పిల్లని అప్పగింతలు చేస్తాం కదా, చేతిలో చెయ్యి పెట్టి, పేరుపేరునా చెప్పి. అలాంటి మాట వాళ్ళకీ ఉంది: హబిలిన్. వెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళకి ఒప్పజెప్పి పోయేది. మనిషి దూరమైనందుకే ఇల్లు చెదిరిపోదని, ఆ మనిషి చేసే పనులు ఎవరి చేతిలోనూ పెట్టకుండా పోతే చెదురుతుందని నాకు అర్థమైంది ఆతెని చూశాకే.

ఈ విషయంలో వాళ్ళకి మనకంటే అనుభవం ఎక్కువ. 1974లో మార్కోస్ ప్రభుత్వం కొత్త కార్మిక చట్టం తెచ్చి, మనుషుల్ని పైదేశాలకి పనికి పంపడాన్ని సర్కారీ కార్యక్రమంగా మార్చింది. 2023లో అక్కడి గణాంక సంస్థ లెక్క ప్రకారం పైదేశాల్లో పనిచేస్తున్నవాళ్ళు సుమారు 21.6 లక్షల మంది. వాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. ఆ ఒక్క ఏడాదే బ్యాంకుల ద్వారా ఇళ్ళకి చేరిన డబ్బు 3,300 కోట్ల డాలర్లు దాటింది. 1988లో అధ్యక్షురాలు కొరజోన్ అక్వినో హాంకాంగ్ ఇంటిపనివాళ్ళతో మీరే ఈ దేశపు కొత్త వీరులు అన్నారు. వీరుల పిల్లలకి రాత్రి దుప్పటి ఎవరు కప్పాలన్నది మాత్రం ఏ సర్కారూ చెప్పలేదు. రెండు మూడు తరాలుగా వాళ్ళే దెబ్బలు తిని నేర్చుకున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి, జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి వెళ్ళేవాళ్ళకి ఆ నేర్పు అక్కరకొస్తుంది. మన దగ్గర గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళే ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలన్న నిబంధన ఉంది. అంటే బయల్దేరేనాటికి చాలామందికి బడికెళ్ళే పిల్లలుంటారన్నమాటే.

1. పిల్లలకి ముందే చెప్పండి, నిజం చెప్పండి

నేను మా వాడు నిద్రపోతుంటే బస్సెక్కేశాను. చూస్తే ఏడుస్తాడని. పొద్దున్నే లేచి వాడు బావి దగ్గర, పెరట్లో, పక్కింట్లో వెతికాడని మా చిన్నక్క ఏడాది తర్వాత చెప్పింది. ఆతె కూడా మొదటిసారి అదే చేసిందట. ఆ తర్వాత రెండేళ్ళపాటు పిల్ల రాత్రి తలుపు గడియ తీసి ఉందేమో అని లేచి లేచి చూసేదట. కాబట్టి ఇది ఒకరికొకరు చెప్పుకుని ఏడ్చిన ఇద్దరి మాటగా తీసుకోండి: దొంగతనంగా వెళ్ళొద్దు.

వీసా చేతికొచ్చిన వారంలోనే చెప్పండి. ఎక్కడికి, ఎవరింటికి, ఏం పని, ఎప్పుడొస్తారు. చిన్నపిల్లలకి ‘రెండేళ్ళు’ అంటే తెలీదు. ఆతె రెండోసారి వెళ్ళేటప్పుడు ‘రెండు క్రిస్మస్‌లు’ అని చెప్పింది. మీరు రెండు సంక్రాంతులు అనండి. విమానాశ్రయం దాకా రానివ్వండి. అక్కడ ఏడిస్తే ఏడవనివ్వండి. కళ్ళారా చూసి ఏడ్చిన పిల్లాడు ఇంటికొచ్చి వెతకడు.

ఒక్క మాట మాత్రం అనకండి: “ఇదంతా నీ కోసమే.” ఫిలిప్పీన్స్‌లో ‘ఉతాంగ్ నా లోఓబ్’ అనే మాట ఉంది, మనసులో ఉండిపోయే రుణం అని దాని భావం. చిన్నప్పటినుంచీ నీ కోసమే అని విన్న పిల్లలు ఆ రుణం మోస్తూ పెరుగుతారు. అమ్మ మీద కోపమొచ్చినా అనలేరు, కష్టం చెప్పుకోవాలన్నా సిగ్గు. చదువులో తప్పితే అమ్మ చెమటంతా వాళ్ళే పారబోసినట్టు కుంగిపోతారు. దాని బదులు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంటి మీద ఇంత అప్పుంది, నేనూ నాన్నా కూచుని ఆలోచించాం, నేను వెళ్తే త్వరగా తీరుతుందనుకున్నాం. అది పెద్దవాళ్ళ నిర్ణయంగానే ఉండనివ్వండి.

(అప్పు అంటే గుర్తొచ్చింది. వాళ్ళ పల్లెల్లో ఐదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీ వ్యాపారం ఉంది, పేరే ‘ఫైవ్-సిక్స్’. బైకుల మీద తిరిగి వసూలు చేసేవాళ్ళలో చాలామంది మన దేశం వాళ్ళు, పంజాబీలు. అక్కడ వాళ్ళని ‘బుంబాయ్’ అంటారు. ఆతెకి ఇండియా అంటే మొదట తెలిసింది ఆ బైకు చప్పుడే. నేను ఇండియా అని చెప్పినప్పుడు ఓ వారం నాతో ముభావంగా ఉంది.)

2. ఏ పని ఎవరిదో పేరు పెట్టి రాయండి

అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ వదిలేసేది ఇదే. ‘అమ్మ ఉందిగా, చూసుకుంటుంది’ అనేది అప్పగింత కాదు.

ఫిలిప్పీన్స్ వలస కుటుంబాల మధ్య తిరిగి పరిశోధన చేసిన సామాజిక శాస్త్రవేత్త రాసెల్ పరేన్యాస్ గమనించిన సంగతి ఒకటుంది. తండ్రి వెళ్తే తల్లి రెండు పాత్రలూ మోస్తుంది. తల్లి వెళ్తే ఆ పని చాలా ఇళ్ళల్లో తండ్రి చేతికి రాదు, అమ్మమ్మకో పిన్నికో ఇంటి పెద్దకూతురికో జారిపోతుంది. ఆతె ఇంట్లోనూ అంతే. మొగుడు మూడు చక్రాల బండి తోలేవాడు. మంచివాడే, తాగుడు లేదు. కానీ పిల్లాడి గోళ్ళు కత్తిరించడం తన పనని అతనికి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళ కూతురు కత్తిరించేది.

ఆతె రెండో కాంట్రాక్టుకి వెళ్ళేముందు ఒక కాగితం రాసి గోడకి అంటించింది. దాని ఫోటో నాకు చూపించి, అరబ్బీలో చదివి వినిపించింది. గుర్తున్నంతవరకు:

బడికి దింపడం, తేవడం: తాతాయ్. (వాళ్ళకి తాతాయ్ అంటే నాన్న. మనం కంగారుపడతాం.)
వంట, స్నానం: లోలా. అంటే అమ్మమ్మ.
గోళ్ళు, జుట్టు, ఆదివారం: తాతాయ్.
టీచర్ పిలిస్తే వెళ్ళేది: తాతాయ్, లోలా కాదు.
వాడికి దగ్గు ఎక్కువై పిల్లికూతలొస్తే: పొద్దున దాకా ఆగొద్దు. పచ్చ సంచిలో మందు. ఆస్పత్రికి డబ్బు బియ్యం డబ్బా వెనక.
రాత్రి పక్క తడిపితే: ఏమీ అనొద్దు. దుప్పటి మార్చి పడుకోబెట్టు.
పెద్దది చదువుకోవాలి. గిన్నెలు తోమొచ్చు. తమ్ముడికి అమ్మ కాకూడదు.

ఆ చివరి పంక్తి దగ్గర కాసేపు ఆగండి. ఇంట్లో ఎవరు జారిపడినా పట్టుకునే మనిషిని వాళ్ళు ‘తగసాలో’ అంటారు. ఎక్కువసార్లు అది పెద్ద కూతురే. చెప్పకుండానే చేస్తుంది, మెచ్చుకుంటాం, ఇంకా చేస్తుంది. పదిహేనేళ్ళకి ఆ పిల్లకి స్నేహితులుండరు. మీ పెద్దపిల్ల ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని చుట్టాలు అంటుంటే మురిసిపోకండి. ఆ పిల్ల ఏయే పనులు చేస్తోందో లెక్కపెట్టండి. సగం తీసి ఇంట్లో ఉన్న మగవాడి పేరు కింద రాయండి.

కాగితంతో పాటు చట్టం పని కూడా ఉంది. ఫిలిప్పీన్స్‌లో వెళ్ళేవాళ్ళు తమ బదులు సంతకాలు పెట్టడానికి ఇంట్లో ఒకరికి ప్రత్యేక అధికార పత్రం రాసిస్తారు. మీరు కూడా బడిలో, బ్యాంకులో, ఆస్పత్రిలో ఎవరి సంతకం చెల్లుతుందో ముందే తేల్చండి. పిల్లల ఆధార్, పుట్టిన తేదీ పత్రం, టీకాల కార్డు ఎక్కడున్నాయో ఇద్దరికి తెలియాలి. ఒక్కరికి తెలిస్తే చాలదు.

ఇంకొకటి. చూసుకునే అమ్మమ్మకి ఆవిడ సొంత ఖర్చుకి కొంత డబ్బు విడిగా ఇవ్వండి. పిల్లల డబ్బులోంచి కాదు. ఆవిడ వక్కపొడి కొనుక్కున్నా అల్లుడికి లెక్క చెప్పాల్సిన పరిస్థితి ఉంటే, ఆ చిరాకు మీ పిల్లల మీదే తీరుతుంది.

3. డబ్బు: ఎంతో దాచకండి, దేనికో చెప్పండి

ఇంటికి పంపే డబ్బుని వాళ్ళు ‘పాదలా’ అంటారు. వెళ్ళిన మూణ్ణెల్లకే ఊరంతా పాదలా మీద ఆశపడుతుంది. పిన్ని కొడుకు ఫీజు, బాబాయి ఆపరేషను, జ్ఞానస్నానం విందు. ఇవ్వకపోతే పేరు పోతుంది, ఇస్తే ఇల్లు పోతుంది. మన దగ్గర వేరేగా ఉందంటారా?

ఆతె పద్ధతి ఇది. జీతం వచ్చిన రోజే మూడు భాగాలు పంపేది: ఇంటి ఖర్చు మొగుడికి, అమ్మ ఖర్చు అమ్మకి, అప్పు కంతు నేరుగా ఇచ్చినవాడికి. తన పేరు మీద నెలకి కొంత ఎవరికీ చెప్పకుండా దాచుకునేది. చుట్టాల కోసమని ఏడాదికి ఒకే మొత్తం అనుకునేది. అది అయిపోతే “ఈ ఏటికి అయిపోయింది” అని మొగుడి చేత చెప్పించేది. లేదనే మాట దూరంనుంచి వస్తే గర్వంలా వినిపిస్తుంది. ఊళ్ళో ఉన్నవాడు చెప్తే లెక్కలా వినిపిస్తుంది.

ఓడల్లో పనిచేసే ఫిలిపినోలకైతే బేసిక్ జీతంలో కనీసం 80 శాతం నెలనెలా ఇంటికి పంపి తీరాలన్న నియమమే ఉంది. మనకి అలాంటిది లేదు కాబట్టి మీ నియమం మీరే పెట్టుకోండి. జీతం నిజంగా ఎంతో భార్యకో భర్తకో చెప్పండి. ఎక్కువ చెప్పుకుంటే ఆశలు పెరుగుతాయి, తక్కువ చెప్తే ఏదో రోజు ఎవరో తోటిపనివాడి నోట బయటపడుతుంది.

పిల్లలతో డబ్బు మాట ఎత్తకండి. “ఇంత పంపానుగా, మార్కులేవీ?” అన్న రోజు మీరు అమ్మ కాదు, షావుకారు.

4. ఫోను: రోజూ ఒకే వేళ, ఒకే పని

ముందు గడియారం చూసుకోండి. మనీలాకీ కువైట్‌కీ ఐదు గంటలు తేడా, దుబాయ్‌కి నాలుగు. హాంకాంగ్‌లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, అసలు తేడానే లేదు. మన ఊళ్ళకీ కువైట్‌కీ రెండున్నర గంటలు. అంటే పిల్లలు రాత్రి ఎనిమిదింటికి అన్నానికి కూచుంటే మీకు అయిదున్నర. గల్ఫ్ ఇళ్ళల్లో అది సాయంత్రం టీల వేళ, ఫోను పట్టుకుంటే యజమానురాలు ఊరుకోదు. ఏ వేళ కుదురుతుందో ముందు వారం గమనించి, ఆ తర్వాత మార్చకండి. రోజూ పది నిమిషాలు వచ్చే అమ్మ, వారానికోసారి రెండు గంటలు ఏడ్చే అమ్మకంటే దగ్గరగా ఉంటుంది.

ఏం మాట్లాడాలో తెలియక అందరూ ఒకటే అడుగుతారు. తిన్నావా, చదివావా, అమ్మమ్మ మాట వింటున్నావా. మూడు ప్రశ్నలు, మూడు ఊఁలు, అయిపోయింది. ఆతె ఫోన్లో మాట్లాడేది తక్కువ. కూతురు అక్కడ హోంవర్కు చేస్తుంటే ఈవిడ ఇక్కడ బెండకాయలు తరిగేది. మధ్యలో పిల్ల “అమ్మా, ఏడెనిమిదులు?” అంటే చెప్పేది. మళ్ళీ ఇద్దరూ ఎవరి పనిలో వాళ్ళు. ఒకే గదిలో ఉన్నట్టు ఉండేది. నేను మా వాడితో అలా చేద్దామని చూస్తే మొదట్లో వాడికి విసుగొచ్చింది. నెల గడిచాక, ఫోను గోడకి ఆనించి నా ఎదురుగా గాలిపటం అతికించుకున్నాడు.

ఫోన్లో శిక్షలు వేయకండి. వాడు అబద్ధం చెప్పాడని అమ్మమ్మ ఫిర్యాదు చేస్తే, తేల్చాల్సింది అక్కడున్న నాన్న. మీరు అరిస్తే పిల్లాడు తర్వాతి రోజు ఆ వేళకి పక్కింట్లో ఉంటాడు. ఇంగ్లండ్‌లో పనిచేసే ఫిలిపినో తల్లుల మీద, ఊళ్ళో ఉన్న వాళ్ళ పిల్లల మీద మిర్కా మాడియానూ, డేనియల్ మిల్లర్ అనే పరిశోధకులు పనిచేశారు. ఫోను వచ్చాక మళ్ళీ అమ్మనయ్యానని తల్లులు సంబరపడ్డారు. పిల్లల్లో చాలామందికి అంత సంబరం లేదు, కొందరికి అది నిఘాలా తోచింది. ఎవరు ఫోన్ చేస్తున్నారో వాళ్ళ లెక్క ఒకటి, ఎత్తేవాళ్ళ లెక్క ఇంకొకటి.

భర్తతో విడిగా మాట్లాడండి. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని దెబ్బలాడుకోకండి.

పనిచేసే ఇంట్లో ఫోను లాక్కుంటే? 2018 మే నెలలో ఫిలిప్పీన్స్, కువైట్ చేసుకున్న ఒప్పందంలో ఇంటిపనివాళ్ళ ఫోను వాళ్ళ దగ్గరే ఉండాలని రాసుకున్నారు. అంతకుముందు చాలా ఘోరాలు జరిగాకే అది వచ్చింది. కువైట్ 2015 చట్టం ఏ దేశంవాళ్ళకైనా వారానికో రోజు సెలవు ఇవ్వాలంటుంది. కాగితం మీద ఉన్నది చేతికి రావడానికి టైం పడుతుంది, అది వేరే కథ. అందుకే ముందే అనుకుని వెళ్ళండి: వరసగా ఇన్ని రోజులు నా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలి, ఏజెంట్ నంబరు ఏది, రాయబార కార్యాలయం నంబరు ఏది. అదీ గోడ మీది కాగితంలోనే.

5. అలకని అలకలా చూడండి

ఈ ఒక్క మాటకి నాకూ ఆతెకీ అరబ్బీ దొరకలేదు. వాళ్ళు ‘తంపో’ అంటారు. చేత్తో మూతి ముడిచి చూపించింది, మొహం పక్కకి తిప్పింది. నేను “అలక!” అని అరిచాను. ఇది కోపం కాదు, ద్వేషం అసలే కాదు. నువ్వే వచ్చి బతిమాలాలని ఎదురుచూసే మౌనం. దానికి మందు ‘సుయో’, అంటే బుజ్జగింపు.

గుర్తులు మీకు తెలిసినవే. అన్నిటికీ ‘సరే’. కెమెరా ఇంటి పైకప్పు వైపు. మీరు పంపిన చొక్కా తప్ప అన్నీ వేసుకుంటాడు. అమ్మానాన్నలు ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. నీకోసం చస్తుంటే నీకింత పొగరా అని తిట్టడం మొదటిది. వెంటనే ఫోనో సైకిలో కొనిపెట్టడం రెండోది. మొదటిదానికి పిల్లాడు బిగుసుకుంటాడు. రెండోది అలక ఖరీదెంతో నేర్పుతుంది.

బుజ్జగింపంటే ఆగకుండా వెళ్ళడమే. మాట్లాడకపోయినా అదే వేళకి ఫోను చేయండి. “నాకు తెలుసు నీకు కోపమొచ్చిందని. రావాల్సిందే. పుట్టినరోజుకి లేను కదా” అని పెట్టేయండి. మర్నాడు మళ్ళీ. ఆతె కూతురు పదకొండు రోజులు మాట్లాడలేదు. పన్నెండోరోజు మాట కూడా తిన్నగా రాలేదు. “ఆ పింక్ రబ్బరుబ్యాండ్లు ఎక్కడ కొన్నావ్?” అంది. ఆతె ఆరోజు కూర మాడ్చింది.

అయితే ప్రతి మౌనమూ అలక కాదు. అన్నం మానేయడం, బడి మానేయడం, తనని తాను గాయపరచుకోవడం, ఫలానా చుట్టం ఇంట్లో ఉంటే గది దాటి రాకపోవడం లాంటివి కనిపిస్తే బుజ్జగింపుతో కాలం గడపకండి. వెళ్ళేముందే పిల్లలకి ఒక గుర్తుమాట నేర్పండి. పక్కన ఎవరున్నా అది అంటే, వేరే గదికి వెళ్ళి ఒంటరిగా మాట్లాడాలని మీకు అర్థం కావాలి. చుట్టాల మీద అనుమానమా అని ఇంట్లో ఎవరికైనా కష్టమనిపించవచ్చు. అనిపించనివ్వండి. ఫిలిప్పీన్స్‌లో పిల్లల ఆపదకి 163 నంబరు ఉంది, మన దగ్గర 1098. టీచర్లలో ఒకరి నంబరు మీ దగ్గర పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళు కంగారుపెట్టడం ఎందుకని దాచేది, టీచరు దాచదు.

6. పెట్టె సర్దడం

దేశానికి తిరిగొచ్చేవాడిని వాళ్ళు ‘బాలిక్‌బాయన్’ అంటారు. 1973లో సర్కారు పైదేశాల్లో ఉన్నవాళ్ళని సెలవులకి రమ్మని ఆ పేరుతో పథకం పెట్టింది. ఇప్పుడు మనిషి రాకపోయినా ఆ పేరుతో ఇంతెత్తు అట్టపెట్టె ఓడెక్కి వస్తుంది. చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. అక్కడ సెప్టెంబరు నుంచే క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. కాబట్టి ఆతె పెట్టె ఎండాకాలం నుంచే మా మంచం కింద నోరు తెరుచుకుని ఉండేది.

చెప్పుల కోసం పిల్లాడి పాదాన్ని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీయించేది. మొగుడు దాని పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపేవాడు. ఈవిడ ఇక్కడ కొలిచి, పాదం బొమ్మని కత్తిరించి, నిరుటి బొమ్మ మీద పెట్టేది. ఎంత పెరిగాడో ఆ అంచులో తెలిసేది, వేలి మందం. చెప్పులు ఇంకో వేలెడు పెద్దవి కొనేది, పెట్టె చేరేసరికి పెరుగుతాడని.

పెట్టె వేయడం గురించి నేను చూసి నేర్చుకున్నది కొంచెమే. అడిగి కొనండి, ఊహించి కొనకండి. మీ ఊహలో పిల్లాడు మీరు వదిలొచ్చిన వయసులోనే ఆగిపోయుంటాడు. అమ్మమ్మకి, ఇంట్లో ఉన్న భర్తకి విడిగా పేరు రాసి పెట్టండి. మీరు కట్టి విడిచిన ఒక బట్ట, ఉతక్కుండా పెట్టండి. ఆతె తన పాత తలగడ గలీబు పెట్టేది. చాక్లెట్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి, గలీబు మాత్రం వాడు ఇప్పటికీ ఇవ్వలేదట.

7. ఇంట్లో ఉండిపోయినవాళ్ళకి రెండు ముక్కలు

మీరు ఉండిపోయిన భర్త అయితే, ఊరు మీకో పేరు పెడుతుంది. పెళ్ళాం సంపాదన తింటున్నాడంటుంది. ఆ మాటకి జవాబుగా పేకాటకి, సారా కొట్టుకి వెళ్ళేవాళ్ళని అక్కడా ఇక్కడా చూశాం. ఆతె మొగుడు మాత్రం బండి తోలడం మానలేదు, డబ్బు అక్కర్లేని నెలల్లో కూడా. అదే అతన్ని కాపాడింది.

భార్య గురించి చెవిలో పడే పుకార్లని ఆ రోజే ఆమెనే అడిగేయండి. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకి తప్ప మిగతావాళ్ళకి విడాకుల చట్టం లేదు. తెగిపోయిన కాపురాలు కాగితం మీద అలాగే వేలాడుతుంటాయి, మధ్యలో పిల్లలు. మనకి చట్టం ఉంది, కానీ పిల్లలు మధ్యలో ఉండటంలో తేడా ఏం లేదు.

8. తిరిగి వచ్చేటప్పుడు

రావడానికి తేదీ లేకపోతే రారు. ‘ఇంకొక్క కాంట్రాక్టు’ అనేది పదేళ్ళ మాట. వెళ్ళేముందే రాసుకోండి: ఈ అప్పు, ఈ ఇల్లు, లేదా ఈ ఏడు, ఏది ముందైతే అది. ఫిలిప్పీన్స్‌లో వలస కార్మికుల సంక్షేమ సంస్థ ఒకటుంది, 25 డాలర్లు కట్టి సభ్యులైతే పిల్లల చదువు సాయం, ఆపదలో వెనక్కి తేవడం, తిరిగొచ్చాక చిన్న వ్యాపారానికి సాయం లాంటివి చేస్తుంది. మన దగ్గర వెళ్ళేముందు ప్రవాసీ భారతీయ బీమా తీసుకున్నారో లేదో చూసుకోండి. ఏజెంటు తీసుకున్నామంటే నమ్మకుండా కాగితం అడగండి.

దిగిన రోజు పిల్లాడు పరుగెత్తుకుని రాకపోతే చేతులు చాచి నిలబడకండి. వాళ్ళ ఆచారంలో పెద్దల చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంటారు. ఆతె కొడుకు అంతవరకే చేసి అమ్మమ్మ వెనక్కి వెళ్ళిపోయాడు. మొదటి రాత్రి అమ్మమ్మ పక్కనే పడుకుంటానంటే పడుకోనివ్వండి. వాడు ఆవిడని అమ్మా అని పిలిస్తే దిద్దకండి. మీ గిన్నెలు ఎక్కడున్నాయో మీకు తెలియదు, సబ్బు మారింది, టీవీ వేళ మారింది. మొదటి వారం ఏదీ సర్దకండి. ఒకే ఒక్క పని మీ చేతిలోకి తీసుకోండి, గోళ్ళో జడో.

అమ్మమ్మని కూడా చూడండి. మీరు తిరిగొస్తే అందరికీ పండగ, ఆవిడకి మాత్రం పిల్లాడు చేయి జారిపోతున్నాడు. నాలుగేళ్ళు పక్కలో పడుకున్నవాడు. ఆవిడ చిన్నచిన్న వాటికి విసుక్కుంటే, పేచీ మీతో కాదు.

ఆతె సెలవుకి వెళ్ళొచ్చాక చెప్పింది. మొదటిరోజే తినోలా వండిందట, అంటే కోడి పులుసులాంటిది, పచ్చి బొప్పాయి, మునగాకు వేస్తారు. ఊరంతా మెచ్చే చేయి ఆమెది. కొడుకు గిన్నె ముందు పెట్టుకుని కదల్లేదు. ఏంరా అంటే మాట్లాడడు. లోలా లేచి వచ్చి, ఏమీ అనకుండా, చెంచాతో వాడి గిన్నెలోని అల్లం ముక్కలన్నీ ఏరి తన కంచంలో వేసుకుంది. వాడు తినేశాడు.

ఆ రాత్రి ఆతె గోడ మీది కాగితం తీసి, వెనకవైపు తిప్పి, పెన్నుతో సహా వాళ్ళమ్మకి ఇచ్చింది. ఈసారి నువ్వు రాయి, నాకు అప్పజెప్పు అని. మీరూ వచ్చిన రోజు అదే చేయండి. లోలా పెద్దగా చదువుకోలేదు, రెండు రోజులు పట్టిందట రాయడానికి. రెండు పేజీలు. మొదటి పంక్తి అల్లం.